విమానం దిగేటప్పుడు పాటించాల్సిన తలకిందుల సలహాలు

విమానం దిగడం గురించి మనం వినే సలహాలు చాలావరకు కిటికీ పక్క సీటులో పుట్టినవే. మెత్తగా దించినవాడు మంచి పైలట్ అంటారు. రన్‌వే దాకా వచ్చి మళ్లీ పైకి లేపితే చేతకానివాడు అంటారు. రెక్కలు వణికితే ప్రమాదమనీ, ఇంజన్ మోత తగ్గితే అంతా ప్రశాంతమనీ చెబుతారు. బంధువులు చెబుతారు, పక్క సీటాయన చెబుతాడు, ప్రమాదం జరిగిన రోజు టీవీ చర్చల్లోనూ ఇవే మాటలు వినిపిస్తాయి. వాస్తవం చాలాసార్లు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

అందుకే ఈ పన్నెండు సలహాలు. మొదటిసారి వింటే ప్రతి ఒక్కటీ తప్పుగానే తోస్తుంది. కానీ ఒక్కోదాని వెనక ఒక లెక్క ఉంది. కొన్నింటి వెనక ప్రాణాలు తీసిన ప్రమాదాలున్నాయి, వాటిపై విచారణలున్నాయి. విమానం ఎక్కే ప్రయాణికుల కోసం, పైలట్ కావాలని కలలు కనే పిల్లల కోసం, వాళ్లను ఆ చదువుకు పంపే తల్లిదండ్రుల కోసం వీటిని మనస్ఫూర్తిగా రాస్తున్నాను. అన్నిటికీ మూలం ఒక్కటే. విమానం ఎంత హాయిగా దిగిందన్నది ముఖ్యం కాదు. తన ఎత్తునూ వేగాన్నీ ఎంత ముందుగా సర్దుకుందన్నదే ముఖ్యం.

1. దిగాలంటే ముందు ముక్కు వంచకండి, ఇంజన్ తగ్గించండి

దిగడమంటే ముక్కును నేలకు గురిపెట్టడమని సినిమాలు మనకు నేర్పాయి. 37,000 అడుగుల ఎత్తులో గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతున్న విమానాన్ని అలా వంచితే ఎత్తు తగ్గుతుంది, కానీ పోయిన ఎత్తంతా వేగంగా మారి పరిమితి దాటిపోతుంది. అందుకే దిగేటప్పుడు మొదట ఇంజన్ల తోపును దాదాపు కనిష్ఠానికి, పైలట్లు ఐడిల్ అనే స్థాయికి, తెస్తారు. తోసే బలం తగ్గాక విమానం వేగాన్ని నిలబెట్టుకోవడానికి తన ఎత్తును కొంచెం కొంచెంగా ఖర్చు చేస్తుంది. ముక్కు వంగేది కొద్ది డిగ్రీలే. అయినా నిమిషానికి 2,000 నుంచి 3,000 అడుగులు దిగుతుంది.

అప్పుడు మోత తగ్గిందని ఉలిక్కిపడకండి. అంత ఎత్తులో ఇంజన్లు పూర్తిగా ఆగిపోయినా విమానం రాయిలా పడదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి దారి మధ్యలో ఇంధనం అయిపోతే, కెప్టెన్ బాబ్ పియర్సన్ దాన్ని గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించారు. 2001 ఆగస్టు 24న ఎయిర్ ట్రాన్సాట్ ఎయిర్‌బస్ 330 రెండు ఇంజన్లూ ఆగిపోయాక దాదాపు 19 నిమిషాలు అట్లాంటిక్ మీద జారుతూ అజోర్స్ దీవుల్లోని లాజెస్‌కు చేరింది. అందులోని 306 మందీ బతికారు. ఈ రెండు విమానాలకూ చివర్లో వచ్చిన చిక్కు ఎత్తు చాలకపోవడం కాదు, ఎత్తు మిగిలిపోవడం. గ్లైడర్లు నడిపిన అనుభవమున్న పియర్సన్ విమానాన్ని ఓ పక్కకు వాల్చి, గాలికి అడ్డంగా జార్చి ఎత్తు పోగొట్టారు. ట్రాన్సాట్ విమానం అదే పనికి గాల్లో ఒక పూర్తి చుట్టు తిరిగింది. జెట్ విమానానికి కష్టమైన పని పైన ఉండటం కాదు, సరైన చోటికి సరైన ఎత్తులో దిగి రావడం.

2. ఊరు కనిపించేదాకా ఆగకండి

గమ్యం కళ్లబడ్డాక దిగడం మొదలుపెడదామనుకోవడం సహజం. విమానానికి అది చాలా ఆలస్యం. పైలట్లు నోటితో వేసుకునే లెక్క ఒకటుంది. తగ్గాల్సిన ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో హెచ్చించాలి. వచ్చిన సంఖ్య, ఎన్ని నాటికల్ మైళ్ల దూరంలో దిగడం మొదలుపెట్టాలో చెబుతుంది. వేగం తగ్గించుకోవడానికి దాని మీద మరో పది మైళ్లు కలుపుకోవాలి.

హైదరాబాద్‌కు వస్తున్న విమానం 36,000 అడుగుల్లో ఉందనుకుందాం. శంషాబాద్ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి తగ్గాల్సింది 34,000 అడుగులు. మూడుతో హెచ్చిస్తే 102, పది కలిపితే 112 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 207 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి నిర్మల్ దాకా ఆకాశంలో గీత గీస్తే దాదాపు అంత దూరం ఉంటుంది. అదే విమానం దాదాపు సముద్ర మట్టంలో ఉన్న విశాఖపట్నంలో దిగాలంటే ఇంకో ఆరు మైళ్లు ముందే మొదలుపెట్టాలి. వెనక నుంచి గాలి తోస్తుంటే మరికొంత ముందు. ఈ లెక్కను విమానంలోని కంప్యూటరే వేస్తుంది. అయినా మంచి పైలట్ మనసులో మళ్లీ వేసుకుంటాడు. గాలి అంచనా తప్పినా, కంట్రోల్ టవర్ దారి మార్చినా, కంప్యూటర్ గీసిన దారి అక్కరకు రాదు. మూడుతో హెచ్చించే లెక్క అప్పుడు కూడా పనికొస్తుంది.

3. దిగమనీ నెమ్మదించమనీ ఒకేసారి అడగకండి

త్వరగా దిగాలి, నెమ్మదిగా దిగాలి. ప్రయాణికుడికి రెండూ కావాలి. ఆధునిక జెట్ విమానానికి రెండూ కలిపి చేయడం కష్టం. గాలి అడ్డు తక్కువగా ఉండేలా దాన్ని తీర్చిదిద్దారు కాబట్టి దిగేకొద్దీ వేగం పుంజుకోవాలనే చూస్తుంది. చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద 250 నాట్ల వేగం, అంటే గంటకు 250 నాటికల్ మైళ్లు, దాటకూడదు. అందుకే ఆ ఎత్తుకు చేరే ముందు విమానం దిగడం దాదాపు ఆపేసి, కాసేపు సమంగా ఎగురుతూ వేగం తగ్గించుకుంటుంది. ఇంకా దూరముండగానే దిగడం ఆపేశాడేమిటని అప్పుడు విసుక్కోకండి. ఆ సమయం వృథా కావడం లేదు. వేగాన్ని వదిలించుకునే పని జరుగుతోంది.

దూరంగా ఉన్నప్పుడు ఎత్తు మిగిలిపోయిందని తెలిస్తే వేగం పెంచి దిగడమే ఉపాయం. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేగంగా పోయే విమానం ఎత్తును కూడా వేగంగా పోగొట్టుకుంటుంది. దగ్గరికొచ్చాక ఆ ఉపాయం పనిచేయదు. అక్కడ మొదట నెమ్మదించాలి, తర్వాత ఫ్లాప్స్ అనే రెక్క వెనక అంచు పలకలను, చక్రాలను దించాలి, ఆ తర్వాతే నిటారుగా దిగాలి. చక్రాలు మామూలు కంటే ముందే దిగిన శబ్దం వినిపిస్తే, పైలట్ గాలి అడ్డును కావాలనే పెంచుకుంటున్నాడని అర్థం చేసుకోండి. మిగిలిన ఎత్తును దించడానికి అంతకంటే నమ్మకమైన సాధనం లేదు.

4. రెక్క మీద పలకలు లేచి విమానం వణికితే కుదుటపడండి

రెక్క పైభాగంలో పలకలు పైకి లేస్తాయి. విమానం గుడగుడమని అదురుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు రెక్కలో ఏదో ఊడిపోయిందని బెదిరిపోతారు. అవి స్పీడ్ బ్రేకులు. రెక్క మీదుగా పోయే గాలిని చెదరగొట్టి, రెక్క లేపే బలాన్ని కొంత తగ్గించి, అడ్డును పెంచుతాయి. ఇంజన్లు ఐడిల్‌లో ఉన్నా ఎత్తు చాలినంత తగ్గనప్పుడు వీటిని వాడతారు. ఆ అదురు, చెదిరిన గాలి రెక్కకూ తోకకూ తగలడం వల్ల వచ్చేది.

తిరుమల ఘాట్ రోడ్డు మీద తక్కువ గేరులో దిగే బస్సు ఇంజన్ మోగుతుంటే ఎవరూ భయపడరు. స్పీడ్ బ్రేకుల అదురునూ అలాగే తీసుకోండి. ఎత్తు మిగిలిందని పైలట్ గమనించాడు, నేల ఇంకా దూరంగా ఉండగానే సరిదిద్దుకుంటున్నాడు. అదురు లేకుండా హాయిగా సాగిపోయి చివరి పది మైళ్లలో తొందరపడటం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

5. నిమిషానికి ఎన్ని అడుగులన్నది కంఠస్థం చేయకండి

విమానాన్ని నిమిషానికి 700 అడుగుల చొప్పున దించాలని చాలాచోట్ల చదువుతాం. ఆ అంకెను పట్టుకుంటే దారి తప్పుతుంది. పట్టుకోవాల్సింది కోణం. చాలా విమానాశ్రయాల్లో రన్‌వే వైపు దిగే దారి మూడు డిగ్రీల వాలు. ఒక నాటికల్ మైలు ముందుకు పోతే దాదాపు 300 అడుగులు కిందికి. ఆ వాలు మీద నిలవాలంటే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో నేల మీద వేగమే చెబుతుంది. ఆ వేగాన్ని నాట్లలో తీసుకుని అయిదుతో హెచ్చిస్తే చాలు. 140 నాట్లకు 700 అడుగులు. ఎదురుగాలి వల్ల నేల మీద వేగం 120కి పడితే 600. వెనక గాలి తోసి 160 చేస్తే 800. అన్నీ ఒకే వాలు మీద నడిచే విమానాలే, అంకెలు మాత్రం వేరు.

రన్‌వే పక్కన ఉండే పాపీ దీపాలు చూపించేదీ ఈ వాలునే. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే సరైన దారి. నాలుగూ తెల్లగా ఉంటే ఎత్తు ఎక్కువ, నాలుగూ ఎర్రగా ఉంటే ప్రమాదకరంగా తక్కువ. లండన్ సిటీ విమానాశ్రయంలో వాలు 5.5 డిగ్రీలు. అక్కడ దిగే విమానాలకూ పైలట్లకూ ప్రత్యేక అనుమతి ఉండాలి. పైలట్ కావాలనుకునే పిల్లలారా, అంకెను కాదు, వాలును చూడటం నేర్చుకోండి. అంకె ఆ వాలు నుంచే పుడుతుంది.

6. అంకె సరిగ్గా ఉందని సంతోషించకండి, అది దేని అంకో చూడండి

1992 జనవరి 20 రాత్రి లియోన్ నుంచి స్ట్రాస్‌బర్గ్ వెళ్తున్న ఎయిర్ ఇంటర్ ఎయిర్‌బస్ 320 మోంట్ సెంట్ ఒదీల్ దగ్గర కొండను ఢీకొంది. 96 మందిలో 87 మంది చనిపోయారు. ఆ విమానంలో దిగడాన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. కోణం ఇవ్వవచ్చు, లేదా నిమిషానికి ఎన్ని అడుగులో ఇవ్వవచ్చు. రెంటికీ తిప్పే మీట ఒక్కటే. పైలట్లు 3.3 డిగ్రీలు ఇస్తున్నామనుకుని, పద్ధతి మారిందో లేదో చూసుకోకుండా 33 అని పెట్టి ఉంటారని, విమానం దాన్ని నిమిషానికి 3,300 అడుగులుగా తీసుకుని ఉంటుందని విచారణ సంఘం బలంగా భావించింది. రన్‌వే వైపు సాగాల్సిన మెల్లని వాలుకు ఇది నాలుగు రెట్లు. తర్వాత ఎయిర్‌బస్ ఆ ప్రదర్శనను మార్చింది. ఇప్పుడు నిమిషానికి అడుగులైతే నాలుగు అంకెలూ పూర్తిగా కనిపిస్తాయి.

మన దేశంలోనూ ఇలాంటి గాయం ఉంది. 1990 ఫిబ్రవరి 14న అప్పటి బొంబాయి నుంచి బెంగళూరు వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ 320 రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో కూలింది. 92 మంది చనిపోయారు. ఒక పైలట్ నిమిషానికి 700 అడుగులు పెట్టమంటే, మరొకరు పొరపాటున ఎత్తు మీటను తిప్పి 700 అడుగుల ఎత్తు పెట్టి ఉండవచ్చని విచారణలో తేలింది. ఆ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తున ఉంది. నేలకింద ఉన్న ఎత్తుకు దిగమని విమానానికి చెప్పినట్టే. అంకె రెండు చోట్లా సరైనదే, వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు. కాక్‌పిట్‌లోనే కాదు, ఆస్పత్రిలో మందు మోతాదు దగ్గరా, ఫ్యాక్టరీలో పీడనం దగ్గరా ఈ సలహా అక్షరాలా వర్తిస్తుంది. అంకె పెట్టాక అది ఏ గడిలో కూర్చుందో నోటితో చదవండి, పక్కనున్నవాళ్ల చేత చదివించండి.

7. నేల దగ్గర నిశ్శబ్దాన్ని నమ్మకండి

ఎత్తులో ఇంజన్లు నెమ్మదిస్తే భయపడవద్దని మొదటి సలహాలో చెప్పాను. నేల దగ్గర సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఇంజన్ మోగుతూ ఉండాలి. జెట్ ఇంజన్ ఐడిల్ నుంచి పూర్తి బలానికి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఇంజన్ బలం పెంచే మీటను ముందుకు తోసిన ఎనిమిది సెకన్లలో విమానం మళ్లీ పైకి ఎక్కగలిగే బలం అందాలన్నది ధ్రువీకరణ నియమం. ఎనిమిది సెకన్లు నేల మీద చిన్న సమయం. నిమిషానికి 700 అడుగులు దిగుతున్న విమానానికి ఆలోగా 93 అడుగులు పోతాయి.

బెంగళూరు విమానం ఆ స్థితిలోనే చిక్కుకుంది. ఎత్తు మీట తప్పు చోట ఉండటంతో ఇంజన్లు ఐడిల్‌లోనే ఉండిపోయాయి. విమానం వేగం కోల్పోతూ దిగింది. పైలట్లు గమనించి బలం అడిగేసరికి ఇంజన్లకు పుంజుకునే సమయం మిగల్లేదు. అందుకే చివరి అయిదారు మైళ్లలో ఇంజన్లు కాస్త పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతున్న శబ్దం వినిపిస్తే ధైర్యంగా ఉండండి. దించిన ఫ్లాప్స్, చక్రాలు ఇచ్చే అడ్డును ఆ బలం మోస్తోంది. అవసరమైతే విమానాన్ని తక్షణం పైకి లేపడానికీ సిద్ధంగా ఉంది.

8. ఎత్తు మిగిలిపోతే నేల వైపు పరుగెత్తకండి

ఆలస్యమైతే తొందరపడి సర్దుకోవడం మనకు బాగా అలవాటు. ఆకాశంలో ఈ అలవాటు ప్రాణాలు తీస్తుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 కొండ మీది రన్‌వే చివర దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. ఆ ఉదయం మంగళూరు రాడార్ పనిచేయడం లేదు, అందువల్ల దిగడానికి అనుమతి ఆలస్యంగా వచ్చింది. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయినట్టు కాక్‌పిట్ రికార్డర్‌లో తేలింది. రన్‌వే దగ్గరపడేసరికి విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపులో ఉంది.

అక్కడి నుంచి ఆటోపైలట్ తీసేసి నిటారుగా దించారు. ఎత్తు తగ్గింది, కానీ వేగం పెరిగింది. 8,033 అడుగుల రన్‌వేలో విమానం చక్రాలు ఆనింది సుమారు 5,200 అడుగులు దాటాకే. మిగిలిన చోటు ఆగడానికి చాలలేదు. ఎత్తు మిగిలిపోయిందంటే అది దించేయాల్సిన బరువు కాదు, ఆగి మళ్లీ మొదలుపెట్టమనే హెచ్చరిక. ఒక చుట్టు తిరిగి వస్తే అదే విమానం, అదే రన్‌వే, అదే పైలట్లతో మామూలుగా దిగి ఉండేది.

9. పెద్దాయన మాటకు అడ్డు చెప్పండి

పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని మన ఇళ్లలో పిల్లల్ని పెంచుతాం. కాక్‌పిట్‌కు పంపే పిల్లలకు ఆ ఒక్క చోట దీన్ని మరిచిపొమ్మని చెప్పండి. మంగళూరులో కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని, చెప్పినా కెప్టెన్ దిగడం మానలేదని విచారణ తేల్చింది. విమానంలోని హెచ్చరిక యంత్రం కూడా చాలాసార్లు అరిచింది. పదేళ్ల తర్వాత 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో జరిగిన విమాన ప్రమాదంలోనూ అంతే. కో పైలట్ గో అరౌండ్ అన్నాడు, కెప్టెన్ కొనసాగించాడు. కో పైలట్ నియంత్రణ తన చేతుల్లోకి తీసుకోకపోవడాన్ని కూడా ఆ ప్రమాదంపై విచారణ నివేదిక లోపంగానే చూపింది.

చెప్పడం మాత్రమే చాలదని ఈ రెండు ప్రమాదాలూ నేర్పాయి. అవతలివారు స్పందించకపోతే చేతుల్లోకి తీసుకోవాలి. శిక్షణలో పిల్లలకు ఇది చెబుతారు. ఇంట్లో ఇరవై ఏళ్లు నేర్చిన అణకువ ఆ ఒక్క క్షణంలో గొంతు నొక్కకుండా ఉండాలంటే, తప్పు కనిపిస్తే గట్టిగా చెప్పే అలవాటు ఇంట్లోనే పడాలి. నాన్న బండి వేగంగా నడుపుతుంటే పదేళ్ల పిల్ల "నాన్నా, నెమ్మదిగా" అంటే కసరకండి, వినండి. రేపు ఆ పిల్ల రెండు వందల మంది ప్రాణాలను కాపాడవచ్చు.

10. దిగకుండా మళ్లీ పైకి లేస్తే చప్పట్లు కొట్టండి

రన్‌వే కనిపిస్తుంటుంది, ఇల్లు దగ్గరపడిందని మనసు సిద్ధపడుతుంది. ఒక్కసారిగా ఇంజన్లు గర్జిస్తాయి, ముక్కు లేస్తుంది, విమానం మళ్లీ మేఘాల్లోకి పోతుంది. ఆ సాయంత్రం సోషల్ మీడియాలో ఆ విమానం మృత్యువు నుంచి తప్పించుకున్నట్టు రాస్తారు. నిజానికి ఆ పైలట్లు చేయాల్సిన పనే చేశారు.

విమానయాన సంస్థలు ఒక గీత గీసుకున్నాయి. మేఘాల్లో అయితే రన్‌వే పైన 1,000 అడుగుల దగ్గర, కళ్లకు స్పష్టంగా కనిపిస్తుంటే 500 అడుగుల దగ్గర విమానం స్థిరంగా ఉండాలి. చక్రాలు, ఫ్లాప్స్ దిగి ఉండాలి, వేగం నిర్ణీత హద్దుల్లో ఉండాలి, ఇంజన్లు బలంతో మోగుతుండాలి, దిగే వేగం నిమిషానికి 1,000 అడుగులు దాటకూడదు. వీటిలో ఏదీ తప్పకూడదు, తప్పితే లేచిపోవాలి. అయితే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనాల్లో ఒక ఆందోళనకరమైన విషయం బయటపడింది. అలా అస్థిరంగా వచ్చిన విమానాల్లో నూటికి 3 మాత్రమే లేచిపోతున్నాయి, మిగతావి దిగిపోతున్నాయి. చాలావరకు ఏమీ కాదు. ఏమీ కాలేదు కదా అన్న ధీమాతోనే మరుసటిసారి ఇంకాస్త వదిలేస్తారు.

ప్రయాణికుల విసుగు ఈ నిర్ణయం మీద ఒత్తిడి పెంచకూడదు. పది, పదిహేను నిమిషాల ఆలస్యం, కొంత ఇంధనం, అంతే నష్టం. ఈసారి విమానం అలా లేస్తే పక్కనున్న పిల్లలకు భయపడవద్దని చెప్పండి. దిగాక తలుపు దగ్గర సిబ్బందికి ఒక మంచి మాట చెప్పండి.

11. మెత్తని ల్యాండింగ్‌కి మార్కులు వేయకండి

చివరి 30 అడుగుల దగ్గర పైలట్ ముక్కును కొద్దిగా లేపి, దిగే వేగాన్ని నిమిషానికి 700 నుంచి వంద, రెండు వందలకు తెస్తాడు. దీన్ని ఫ్లేర్ అంటారు. దాన్ని మరీ సున్నితంగా చేయాలని చూస్తే విమానం రన్‌వే మీద తేలుతూ పోతుంది. 140 నాట్ల వేగంలో ఒక్క సెకను తేలితే 72 మీటర్ల రన్‌వే పోతుంది. తడి రన్‌వే మీద నీటి పొరను చీల్చుకుని చక్రాలు ఆనడానికి, రెక్క పలకలు లేచి బరువంతా చక్రాల మీదికి రావడానికి కాస్త గట్టిగా తగలడమే మంచిది.

ల్యాండింగ్ గేర్ దానికోసమే కట్టారు. గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకు 10 అడుగుల వేగంతో, అంటే నిమిషానికి 600 అడుగులతో తగిలినా తట్టుకోవాలన్నది దాని రూపకల్పన ప్రమాణం. మీకు నడుం పట్టేసినట్టనిపించిన తాకిడి దానికి చాలా దూరంలోనే ఉంటుంది. కోళికోడ్‌లో వర్షం, వెనక గాలి ఉండగా విమానం సుమారు 8,850 అడుగుల రన్‌వేలో దాదాపు 4,400 అడుగులు దాటాకే నేలకు తగిలింది. 21 మంది చనిపోయారు, అందులో ఇద్దరు పైలట్లూ ఉన్నారు. మెత్తగా దిగాడా అని అడగకండి. రన్‌వే మొదట్లో, అనుకున్న చోట దిగాడా అని అడగండి.

12. చెవి నొప్పితో పైలట్‌ని కొలవకండి

చెవులు మూసుకుపోతే పైలట్ ఉన్నట్టుండి దించేశాడని తిడతాం. క్యాబిన్ లోపలి పీడనం బయటి ఎత్తుతో సమానంగా మారదు. విమానం 37,000 అడుగుల్లో ఉన్నా లోపల 8,000 అడుగులో, ఇంకా తక్కువో ఉన్నట్టుగా గాలిని నిలుపుతారు. విమానం నిమిషానికి 2,500 అడుగులు దిగుతున్నా, లోపలి పీడనాన్ని నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున మాత్రమే మారుస్తారు. నొప్పికి కారణం చెవిని గొంతుతో కలిపే సన్నని గొట్టం తెరుచుకోకపోవడం. జలుబు ఉన్నప్పుడు అది మరింత మూసుకుపోతుంది.

కాబట్టి దిగడం మొదలయ్యాక నిద్రపోకండి. మింగుతూ ఉండండి, ఆవులించండి, చప్పరించే మిఠాయి నోట్లో వేసుకోండి. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని మెల్లగా ఊదితే చెవి తెరుచుకుంటుంది, బలంగా మాత్రం ఊదకండి. పాలు తాగే పిల్లలకు ఆ సమయంలో పాలివ్వండి. విపరీతమైన జలుబుతో ఉంటే ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగండి.

విమానం దిగే తీరును ప్రయాణికులు మార్చలేరు. పైలట్‌ను మెచ్చుకునే తీరును మాత్రం మార్చగలం. రన్‌వే దగ్గర స్థిరంగా లేకపోతే లేచిపోయే పైలట్‌ని, పెద్దాయనకు ఎదురు చెప్పే కో పైలట్‌ని, తడి నేల మీద గట్టిగా, సరైన చోట దించే చేతిని మెచ్చుకోవడం మొదలుపెట్టండి. మీ విమానం ఆలస్యంగా వచ్చిందని విమానాశ్రయం బయట ఎదురుచూసే మీవాళ్లకు చెప్పేటప్పుడు, అది మళ్లీ లేచి చుట్టి రావడం వల్లే అయితే, పైలట్లు బాగా నడిపారని కూడా చెప్పండి.